చైత్రమాసపు వేట

ధవళేశ్వరము ఆనకట్ట దిగువన గోదావరి చీలిపోగా తూర్పుగా సాగిన పాయ గౌతమి. ఆ గౌతమి గట్టున, రావులపాలెమునకు ఎదుటి ఒడ్డున, ఆలమూరు మండలములో ఉన్నది జొన్నాడ. చైత్రము వచ్చుసరికి అక్కడ ఏరు సన్నగిల్లి ఇసుకతిన్నెలు బయటపడును. అది దాళ్వా కోతల కాలము. కాలువలు ఎప్పుడు కట్టివేయుదురో యని రైతు లెక్కలు చూచుకొను కాలము. సరిగా ఆ దినములలోనే, ఆ నదికే ఎగువన, పాపికొండల నడుమను, వాటికి ఈశాన్యమున పాడేరు, అరకు కొండలలోను, ఊరి మగవారందరు విల్లమ్ములు పట్టి అడవికి బయలుదేరుచుండెడివారు. అన్నదమ్ములు, బావమరదులు, మేనమామలు, పొరుగిండ్లవారు, నడువగల పిల్లలు, అందరును పోవలసినదే. ఇంట కూర్చున్న మగవానికి ఆనాడు మర్యాద లేదు. జొన్నాడ వంటి ఊళ్ళవారు త్రాగు నీరు ఆ కొండల నడుమనుండియే వచ్చుచున్నను, ఆ వేట సంగతి మాత్రము మైదానమువారి చెవిని పడుట అరుదు. నేడు మేము శ్రోతలకు చెప్పదలచినది ఆ వేట చరిత్రను.

వేట యనగానే మనకు ముందుగా స్ఫురించునది రాజుల వేట. అల్లసాని పెద్దన మనుచరిత్రలో వర్ణించిన స్వరోచి వేట అట్టిదే. పరివారము ముందు నడువగా, అడవి అదరిపోగా సాగు ఆ వేట ప్రభువు విలాసము. అదే 16వ శతాబ్దమున ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యమున తిన్నని కథ చెప్పినాడు. తిన్నడు ఆటవికుల బిడ్డ. వాని వేట విలాసము కాదు. అది కులవిద్య, ఇంటి బాధ్యత, తోడివారితో కలసి చేయు పని. రాజు వేటలో ఒక్కనికే కీర్తి. ఊరి వేటలో కీర్తియైనను అపకీర్తియైనను ఊరందరిది. మన సాహిత్యచరిత్రకారులు మొదటిదానిని గూర్చి వ్రాసినంతగా రెండవదానిని గూర్చి వ్రాయలేదని మా అభిప్రాయము.

విశాఖ మన్యమున ఈ వేటకు సంబంధించిన ఉత్సవమును ఇటుకల పండుగ యందురు. బగతలు, కొండదొరలు, కోందులు మొదలగువారు దానిని చేసికొందురు. ముహూర్తము నిర్ణయించువాడు దిసారి. నక్షత్రములు, తిథులు ఎఱిగిన మనిషి. గోదావరి మన్యములో కోయలకు దాదాపు ఇట్టిదే మఱియొక పండుగ గలదు. దానిని విజ్జ పండుం అనియు, భూమి పండుగ యనియు వ్యవహరింతురు. విజ్జ యనగా విత్తు. ఈ మాటలోనే ఆ పండుగ తత్త్వము తెలియుచున్నది. వానలకు ముందు, పోడు భూమిలో గింజ పడకముందు, ఊరివారందరు తమ తమ విత్తనములను తెచ్చి దేవతయెదుట ఉంచుదురు. పూజారి బలియిచ్చి, ఆ రక్తమును గింజలపై చిలుకరించి, మరల ఇంటింటికి పంచిపెట్టును. మగవారు వేటకు పోవుట ఈ పూజలో ఒక భాగము. వేట దొరికినచో పంట పండునని, దొరకనిచో భూదేవికి ఏదియో లోటు జరిగినదని వారి నమ్మకము.

కనుక ఈ వేట మాంసముకొఱకు చేసినది కాదని చెప్పవచ్చును. కొండరెడ్ల ఆహారము చూడుడు. పోడులో పండిన జొన్న, సామ, కంది, అడవిలో త్రవ్విన దుంపలు, మామిడిటెంకల పిండి, జీలుగుకల్లు. వీటిముందు వేటమాంసము పాలు స్వల్పము. ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1941లో పాపికొండల ప్రాంతమున కొండరెడ్ల నడుమ నివసించి, 1945లో వారిని గూర్చి ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. కలపవ్యాపారుల చేతిలో వారెట్లు చిక్కిపోయినదియు అందులో చదువవచ్చును. మాంసము కొద్దిపాటిదే యైనను, దానిని పంచుకొను పద్ధతి మాత్రము ఖచ్చితమైనది. తొలి బాణము తగిలించినవానికి ప్రత్యేకమైన వంతు. మిగిలినది వేటకు వచ్చిన ఇండ్లన్నిటికిని సమానము. కాలు కదపలేని ముసలివారికిని, మగదిక్కు లేని ఇంటికిని వంతు పోవును.

ఇక ఆడువారి సంగతి. పండుగ దినములలో మగవారు ప్రతి ప్రొద్దును అడవికి పోయి సాయంకాలమునకు తిరిగివత్తురు. వట్టిచేతులతో వచ్చినచో ఆడువారు ఊరి పొలిమేరలోనే కాచుకొనియుండి పేడనీళ్ళు, బురద వారిపై కుమ్మరింతురు. వెక్కిరింపు పాటలు కట్టి పాడుదురు. వదిన మరదిని, మరదలు బావను విడిచిపెట్టదు. అట్టి దినమున ఎంత పెద్దకాపైనను తలవంచుకొని ఇంటికి పోవలసినదే. దీనిని కేవలము వినోదమని తలచుట పొరపాటు. ఏడాది పొడుగునను విత్తనములను బుట్టలలో దాచి పురుగు పట్టకుండ కాపాడునది ఆడుది. ఆ గింజకు భూదేవి ఆశీస్సు తెచ్చిపెట్టు భారము మగవానిది. తన వంతు పని నెరవేర్చనివానిని నిలదీయు అధికారము ఆమెకు ఈ పండుగ ఇచ్చినది.

ఈ వేటలో పందులు, కణుజులు, కుందేళ్ళు దొరకవచ్చును, దొరకకపోవచ్చును. ఇంచుమించు ఎల్లప్పుడు ఆశపెట్టుకొనదగినది అడవికోడి. దీనిని గూర్చి ఒక విశేషము చెప్పవలసియున్నది. మన దేశములో అడవికోళ్ళు ముఖ్యముగా రెండు జాతులు. ఎఱ్ఱ అడవికోడి ఉత్తరమునుండి దిగివచ్చి గోదావరి ప్రాంతముతో ఇంచుమించు ఆగిపోవును. బూడిదరంగు అడవికోడి దక్షిణపు అడవులలోనిది. దాని ఎల్లయు ఈ నది పరిసరములే. మన పెరటికోడికి మూలపురుషుడు ఎఱ్ఱ అడవికోడి. అయినను పెరటికోళ్ళలో కొన్నిటికి గల పసుపుపచ్చని చర్మము మాత్రము బూడిదరంగు జాతినుండి సంక్రమించినదని 2008లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. సంక్రాంతికి బరిలో పుంజులను దింపి జాతకములు చూచు కోనసీమ పెద్దలు ఆ పుంజు తాతముత్తాతల ఊరు ఎగువనే, పడవ పోవునంత దూరములోనే ఉన్నదని గుర్తింపదగును.

అడవిపుంజును పట్టుటకు బాణముకంటె నమ్మదగిన సాధనము దీమము. పెంచిన పుంజును అడవి అంచున కాలికి త్రాడు కట్టి నిలిపి, చుట్టును ఉచ్చులు పన్నుదురు. తెల్లవారుజామున అది కూసినంతనే, తన రాజ్యములో మఱియొకడు కూయుచున్నాడని అడవిపుంజు రోషముతో పరుగెత్తివచ్చి ఉచ్చులో కాలు పెట్టును. వేటగాడు పొదచాటున ఊపిరి బిగబట్టి కూర్చుండుటయే పని. ఈ ఉపాయము ఫలించునది వసంతముననే. ఏలయన పుంజులకు పౌరుషము, పెట్టలకు గ్రుడ్లు పెట్టు తరుణము అప్పుడే.

వసంతమున చుట్టములతోను స్నేహితులతోను కలసి కోడిజాతి పక్షిని కూతచేత మోసగించి వేటాడుట మన కొండలకే పరిమితము కాదు. అమెరికా ఐక్యరాష్ట్రములలో టర్కీకోడి వేట అట్టిదే. దీనిని మనవారు సీమకోడి యనుటయు కలదు. సీమచింతవలె ఇదియు ఆ ఖండమునుండియే దిగినది. 1612లో ముకర్రబ్‌ఖాను గోవానుండి తెచ్చిన వింతజంతువులలో ఈ పక్షి యుండగా, జహంగీరు చక్రవర్తి దాని మెడతోలు రంగులు మారుటను చూచి ఆశ్చర్యపడి తన స్వీయచరిత్రలో వర్ణించుకొనెను. ఆస్థాన చిత్రకారుడు మన్సూరు దాని బొమ్మ వ్రాసెను. అమెరికాలో తండ్రి కొడుకును, తాత మనుమని వెంటబెట్టుకొని వేకువజామున చెట్టు మొదట కూర్చుండి, చిన్న కొయ్యపెట్టెను రాచియో, నోటితోనో పెట్ట కూతను అనుకరించును. పుంజు వలచి వచ్చును. మన కొండలలో పుంజును పిలుచునది పగవాని గొంతు. అక్కడ పిలుచునది ప్రియురాలి గొంతు. అంతియే భేదము.

ఆ పక్షియు ఒకప్పుడు అంతరించు స్థితికి వచ్చినది. అడవులు నరకుటచేతను, హద్దులేని వేటచేతను 20వ శతాబ్దారంభమునకు అనేక రాష్ట్రములలో కానరాకపోయెను. తుపాకులపైనను తూటాలపైనను వచ్చు పన్నును వన్యమృగముల రక్షణకు కేటాయించుచు 1937లో ఒక చట్టము చేసిరి. మిగిలిన పక్షులను వలలతో పట్టి, ఖాళీపడిన అడవులలో వదలిరి. నేడవి లక్షలసంఖ్యలో ఉన్నవి. వసంతపు వేటలో సామాన్యముగా రొమ్మున కుచ్చు వ్రేలాడు పుంజునే కొట్టవలెను. పొదుగుచున్న పెట్ట జోలికి పోరాదు. వేటగాండ్రను వెలివేయక, వారి చేతనే పక్షిని కాపాడించినారు.

మన కొండలలో చరిత్ర వేఱువిధముగా నడచినది. 1878లో ఆయుధముల చట్టము వచ్చి తుపాకికి అనుమతిపత్రము కావలసివచ్చెను. మఱుసటి సంవత్సరమే, 1879 మార్చిలో, రంప దేశమున పితూరీ లేచినది. కారణము వేట కాదు, కల్లు. తమ చెట్టు కల్లును తాము గీచుకొనుటకు వీలులేదని, గుత్తదారునికి చెల్లింపవలెనని, పైగా మునసబుదారుకు చిగురుపన్ను కట్టవలెనని నిర్బంధించిరి. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య మొదలగువారు నాయకులైరి. పొదచాటున మాటువేయుట, అడుగుల చప్పుడు లేకుండ కొండ దాటుట, సంజ్ఞలతో మాటలాడుట, ఈ విద్యలన్నియు వారు నేర్చినది చైత్రపు వేటలోనే యని మేము భావింతుము. మైదానమునుండి వచ్చిన సిపాయిలకు ఆ విద్య లేదు.

1882లో మదరాసు అడవుల చట్టము వచ్చెను. రక్షితారణ్యములలో పోడు కొట్టుట, పశువులను మేపుట, వేటాడుట, అన్నిటిపైనను కట్టుబాట్లు ఏర్పడెను. అంతట ఒక విచిత్రము జరిగినది. రుసుము చెల్లించి అనుమతి పొంది అడవిదున్నను తుపాకితో కొట్టిన దొరగారు వేటగాడయ్యెను. తాతలనాటి విల్లుతో అడవికోడిని కొట్టిన కొండరెడ్డి దొంగ యయ్యెను. మేము ఇక్కడ ఏ ఒక్క అధికారినో నిందించుట లేదు. చట్టము వ్రాసినవారికి వేటయనగా రాజవేటయే తెలియును. గింజకును బాణమునకును గల సంబంధము వారికి చెప్పినవారు లేరు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడినపుడు గాం గంటందొర, గాం మల్లుదొరల వెంట నడచినవారు ఈ విల్లమ్ముల సంతతివారే.

స్వాతంత్ర్యానంతరము 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదట కొన్ని మృగములకు అనుమతితో వేటను ఒప్పినది. 1991 సవరణతో ఆ వెసులుబాటును తొలగిపోయినది. 1978లో పాపికొండల అడవి అభయారణ్యమైనది. 2008లో 1,012 చదరపు కిలోమీటర్లకు పైబడిన జాతీయోద్యానమైనది. 2006 నాటి అటవీహక్కుల చట్టము గిరిజనులకు భూమిపైనను, అడవి ఫలసాయముపైనను హక్కులిచ్చెను గాని, వేట హక్కును మాత్రము స్పష్టముగా మినహాయించెను. ఈ మినహాయింపును మేము తప్పుపట్టజాలము. పక్షులు పొదుగు మాసమున ఊరూరును వేటకు బయలుదేరినచో, జనసంఖ్య పెరిగి అడవి తరిగిన ఈ కాలమున మిగులునది కొంచెమే.

అయితే ఆ తరుగుదల అంతయు విల్లుపట్టినవాని పద్దులో వ్రాయుట న్యాయము కాదు. 1847 మొదలు 1852 వరకు ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన తరువాత డెల్టా అన్నపూర్ణ యైనది. కఱవు తొలగినది. ఆ మేలు చిన్నది కాదు. దానితోపాటు పొదలును, తుంగభూములును, లంకల గడ్డియు వరిపొలములైనవి, కొబ్బరితోటలైనవి. గౌతమి సముద్రములో కలియుచోట కోరింగ మడ అడవులను 1978లో అభయారణ్యముగా చేసిరి గనుక అక్కడ పక్షులకు నీడ మిగిలినది. నడుమ దేశమున ఎన్ని పిట్టల గూళ్ళు నాగలి క్రింద పోయినవో లెక్క వ్రాసినవారు లేరు, అందుకు ఎవరిమీదను కేసు పెట్టినవారును లేరు. కొండవానిని మాత్రము ఒక కౌజుపిట్టకు సంజాయిషీ అడిగినారు.

ఇప్పుడు పోలవరము వచ్చినది. 2021లో నదిని స్పిల్‌వే మీదుగా మళ్ళించిరి. ఎగువన దేవీపట్నము మొదలగు మండలములలోని కొండరెడ్లు, కోయలు ఊళ్ళు విడిచి పునరావాస కాలనీలకు తరలవలసివచ్చినది. వరుసగా కట్టిన ఇండ్లు, వీధిదీపములు, దగ్గఱలో బడి ఉండవచ్చును. గింజలు తీసికొనిపోయి నిలుపుకొను దేవత కొండ మాత్రము వెంట రాదు.

అరకు, పాడేరు వైపున ఇటుకల పండుగ నేటికిని నడచుచున్నది. మృగములు అరుదైనవి, చట్టము ఉన్నది. కనుక అడవికి పోవుట చాల ఊళ్ళలో ఆచారమునకు మిగిలిన నడక. అయినను విత్తనముల పూజ ఆగలేదు, ధింసా ఆట ఆగలేదు. ఆడువారు దారికి అడ్డముగా కఱ్ఱ కట్టి, వచ్చు పోవు మోటారులను ఆపి, పాట పాడి, డబ్బు పుచ్చుకొనినగాని విడువరు. చైత్రమున ఆ ఘాటుమీదుగా పోవు కోనసీమ యాత్రికులు దీనిని బిచ్చమని తలచి విసుగుకొందురు. వేట తేనివానినుండి రాబట్టుకొను హక్కు ఆ స్త్రీలది. అడవిలో మగవారికి ఏమియు దొరకని కాలము గనుక, దారిన పోవువారినుండి పుచ్చుకొనుచున్నారు.