కళ్ళికోట దేవత - ఐరోపా చిత్రకారులు

1498వ సంవత్సరంలో వాస్కోడగామా పరివారం మలబారు తీరపు కళ్ళికోట పట్టణానికి చేరినప్పుడు, అక్కడి దేవాలయమొకదానిని క్రైస్తవుల చర్చిగా పొరబడి, అందులో ప్రార్థన సలిపినది. గోడలమీది చిత్రాలలో పళ్ళు అంగుళం మేర వెలికి పొడుచుకొని ఉన్నవనీ, చేతులు నాలుగో అయిదో ఉన్నవనీ ఆ యాత్రాదినచర్య వ్రాసినవాడు గమనించకపోలేదు. అయినను వానిని పుణ్యపురుషుల చిత్తరువులుగానే పేర్కొన్నాడు.

పన్నెండేండ్లు గడిచేసరికి ఆ పట్టణపు దేవత పిశాచమైపోయినది. బొలోన్యా వాసియైన లుదోవికో ది వర్తెమా యాత్రాగ్రంథం 1510లో రోమునగరంలో ముద్రితమైనది. కళ్ళికోట రాజు పూజించే మూర్తిని అతడు ఇట్లు వర్ణించినాడు: లోహపు ఆసనంపై లోహవిగ్రహం; తలపై పోపు ధరించేటటువంటి మూడంతస్తుల కిరీటం; నాలుగు కొమ్ములు, నాలుగు కోరలు, పెద్ద నోరు, కొక్కేలవంటి చేతులు, కోడికాళ్ళు. చుట్టును పిశాచాల చిత్రాలు. మంటలనడుమ కూర్చున్న సైతాను ఒక జీవుని నోట కరచుకొని, మరొకనిని చేత పట్టుకొన్నాడట!

ఉగ్రమూర్తులు మనకు క్రొత్తవి కావు. భద్రకాళికి కోరలున్నవి, నరసింహునికి గోళ్ళున్నవి. భక్తునికి అవి అభయమిచ్చే రూపాలే. కాని కోడికాళ్ళ దేవతను ఏ శిల్పశాస్త్రం విధించినది? జీవులను నమిలే సైతాను ఇటలీ చర్చిగోడలపై ఉన్నవాడు. పడువాలో జొట్టో చిత్రించిన నరకంలోనూ ఉన్నాడు; వర్తెమా స్వస్థలమైన బొలోన్యాలో, సాన్ పెట్రోనియో దేవాలయంలోనూ ఉన్నాడు. పార్థ మిత్తర్ 1977లో ప్రకటించిన గ్రంథంలో ఈ సంబంధాన్ని విస్తరించి నిరూపించినాడు. వర్తెమా అబద్ధమాడినాడనుటకంటె, ఎరిగినదానినే చూచినాడనుట న్యాయం.

చిత్రకారులు ఆపాటి చూపుకైనను నోచుకొనలేదు. 1515లో ఔగ్స్‌బుర్గులో వెలువడిన జర్మను అనువాదానికి యోర్గ్ బ్రాయ్ కొయ్య అచ్చు బొమ్మలు చెక్కడానికి చిత్రాలు గీసినాడు. అతనికి ఆధారం అక్షరాలు మాత్రమే. వర్తెమా వేరువేరుగా చెప్పిన మూర్తినీ సైతానునూ అతడు ఒక్కటి చేసినాడు. గర్భగృహంలోని దేవతయే మనుష్యులను మ్రింగుతున్నది. ఈ చిన్న మార్పుతో దేవతకు కలిగిన అపకీర్తి వర్తెమా వ్రాతవల్ల కలిగినదానికంటె పెద్దది. చదువనేరనివాడు సైతం బొమ్మను చూడగలడు గదా! తరువాత సెబాస్టియన్ మున్‌స్టర్ భూగోళగ్రంథంలోనూ ఆ రూపం కనిపించినది. 1560లో ఫ్రాన్సులో పియేర్ బొయెస్త్యువో ప్రకటించిన అద్భుతకథల సంపుటిలో మొదటి అధ్యాయం సైతానును గూర్చినది. అక్కడ సింహాసనమెక్కినవాడు కళ్ళికోట దేవతయే. అప్పటికి అది ఒక ఊరి విగ్రహం కాదు, సాక్షాత్తు సైతాను చిత్తరువు.

మార్పు నిదానంగా వచ్చినది. సింహళంలోను, దక్షిణభారతంలోను మతాచార్యుడుగా మెలగిన ఫిలిప్పస్ బాల్డేయస్ గ్రంథం 1672లో ఆమ్‌స్టర్‌డాంలో అచ్చయినది. అందులోని దశావతారాల బొమ్మలు భారతీయుల చిత్రాలను చూచి చేసినవి. ఆ దేవతలను వర్ణించిన భాగానికి మాత్రం బాల్డేయస్ విగ్రహారాధన అనే నిందావాచకాన్నే శీర్షికగా ఉంచినాడు.