శస్త్రచికిత్స అనంతర వికారం, వాంతులు

శస్త్రచికిత్స జరిగిన 24 గంటల లోపు రోగికి కలిగే వికారం, ఓకరింత, వాంతులను కలిపి ఈ పేరుతో వ్యవహరిస్తారు. ముందుగా మందు ఇవ్వకపోతే సుమారు ముగ్గురిలో ఒకరికి ఈ బాధ తప్పదు. ప్రాణాపాయం అరుదే గాని, ఓకరించినప్పుడల్లా కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. నోటి మందులు కడుపులో నిలవవు. ఇంటికి పంపడం ఆలస్యమవుతుంది.

ఈథర్, క్లోరోఫాం కాలం

1846 అక్టోబరు 16న బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో విలియం మోర్టన్ ఈథర్ మత్తును అందరి ఎదుటా ప్రదర్శించాడు. 1847 నవంబరులో ఎడిన్‌బరో వైద్యుడు జేమ్స్ సింప్సన్ క్లోరోఫాంను ప్రవేశపెట్టాడు. రెండు మందులూ వాంతులు కలిగించేవి. లండన్ వైద్యుడు జాన్ స్నో ఈ సంగతిని నిశితంగా పరిశీలించాడు. భోంచేసిన కాసేపటికే మత్తు పీల్చినవారికి వాంతులు ఎక్కువని గుర్తించి, ఉదయం ఫలహారానికి ముందు మత్తు ఇవ్వడం మేలన్నాడు. 1853 ఏప్రిల్ 7న విక్టోరియా రాణికి ప్రసవ సమయంలో క్లోరోఫాం ఇచ్చినవాడు ఈయనే. క్లోరోఫాంపై ఆయన రాసిన విలువైన గ్రంథం 1858లో, మరణానంతరం వెలువడింది.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆదరణతో వైద్యుడు ఎడ్వర్డ్ లారీ క్లోరోఫాం ఎంత సురక్షితమో తేల్చేందుకు 1888, 1889లలో నడిపిన హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు ప్రపంచ వైద్యుల దృష్టిని ఈ నగరం వైపు తిప్పాయి. రెండవదానిలో పాల్గొనేందుకు లండన్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చాడు. మత్తిచ్చేటప్పుడు నాడిని కాక శ్వాసను కనిపెట్టి ఉండాలని లారీ వాదం. క్లోరోఫాం గుండెను నేరుగా దెబ్బతీయగలదని 1911లో లెవీ అనే పరిశోధకుడు నిరూపించడంతో ఆ వాదం బలహీనపడింది. అప్పటి వివాదమంతా ఆకస్మిక మరణాల గురించే. వాంతిని మత్తుతోపాటు వచ్చే మామూలు ఇబ్బందిగానే చూశారు.

ఇరవయ్యో శతాబ్ది

వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే కలిగే ప్రమాదాన్ని 1946లో న్యూయార్క్ వైద్యుడు కర్టిస్ మెండెల్సన్ ప్రసూతి కేసుల ఆధారంగా వివరించాడు. 1950 ప్రాంతంలో శాస్త్రవేత్తలు బోరిసన్, వాంగ్‌లు మెదడులో వాంతిని ప్రేరేపించే స్థానాన్ని గుర్తించారు. 1956లో హాలోథేన్ అనే కొత్త మత్తు మందు వాడుకలోకి వచ్చాక ఈథర్ వెనుకబడింది. వాంతులను అరికట్టే మందుల్లో 1960లలో మెటోక్లోప్రమైడ్, 1990లలో ఆన్‌డాన్‌సెట్రాన్ వచ్చాయి.

ముప్పు అంచనా

1999లో క్రిస్టియన్ ఆప్‌ఫెల్ బృందం నాలుగు లక్షణాలతో తేలికైన, ఎంతో ఉపయోగకరమైన లెక్క రూపొందించింది: రోగి స్త్రీ కావడం, పొగ తాగకపోవడం, గతంలో ఆపరేషన్ తరువాత గాని ప్రయాణంలో గాని వాంతులు కావడం, ఆపరేషన్ తరువాత మార్ఫిన్ వంటి నొప్పి మందులు వాడడం. ఒక్కటీ లేకుంటే ముప్పు సుమారు 10 శాతం. నాలుగూ ఉంటే 80 శాతం. 5,000 మందికి పైగా రోగులపై ఇదే బృందం జరిపి 2004లో ప్రచురించిన పరిశోధనలో ఆన్‌డాన్‌సెట్రాన్, డెక్సామెథాసోన్, డ్రోపెరిడాల్ ఒక్కొక్కటీ ముప్పును దాదాపు నాలుగో వంతు తగ్గించాయి. అందుకే ముప్పు ఎక్కువున్నవారికి రెండు మూడు మందులు కలిపి ఇస్తారు.

బస్సు ప్రయాణంలో వాంతులయ్యే అలవాటున్నవారు ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే మత్తు డాక్టరుకు చెప్పడం అవసరం.