నోవేటెడ్ లీజు

నోవేటెడ్ లీజు అనగా ఉద్యోగి తాను ఎంచుకున్న కారును ఒక ఫైనాన్సు కంపెనీ నుండి లీజుకు తీసుకొని, దాని వాయిదాలను తాను పనిచేసే సంస్థ యాజమాన్యం ద్వారా, తన జీతం నుండే చెల్లించే ఏర్పాటు. ఇది ప్రధానంగా ఆస్ట్రేలియాలో వాడుకలో ఉన్నది. ఉద్యోగి, యాజమాన్యం, ఫైనాన్సు కంపెనీ అను ముగ్గురి మధ్య ఈ ఒప్పందం జరుగుతుంది. దీని వలన వాయిదాలలో కొంత భాగం గాని, కొన్ని సందర్భాలలో మొత్తం గాని, ఆదాయపు పన్ను లెక్కించక ముందే జీతం నుండి మినహాయించబడుతుంది. చెల్లింపులు యాజమాన్యం చేసినప్పటికీ లీజు భారం అంతిమంగా ఉద్యోగిదే. ఉద్యోగం ముగిసినా లీజు ముగియదు. ఇతర కంపెనీ కార్ల పద్ధతులకు, దీనికి గల ముఖ్యమైన తేడా ఇదే.

పేరు వెనుక అర్థం

"నోవేషన్" అనేది రోమన్ న్యాయశాస్త్రం నుండి వచ్చిన పదం. పాత ఒప్పందం స్థానంలో కొత్త ఒప్పందాన్ని ఉంచడం, లేదా ఒకరి బాధ్యతను అందరి అంగీకారంతో మరొకరికి మార్చడం దీని అర్థం. భారత కాంట్రాక్టు చట్టం (1872) లోని 62వ సెక్షను కూడా ఈ విషయానికి సంబంధించినదే. నోవేటెడ్ లీజులో మొదట ఉద్యోగి పేరున లీజు కుదురుతుంది. తరువాత మరొక పత్రం ద్వారా వాయిదాలు చెల్లించే బాధ్యతను యాజమాన్యం స్వీకరిస్తుంది. ఈ బదిలీ ఉద్యోగం ఉన్నంత కాలమే చెల్లుతుంది.

పనిచేయు విధానం

లీజు కాలం సాధారణంగా 1 నుండి 5 సంవత్సరాలు. ఈ కాలంలో కారుపై హక్కు ఫైనాన్సు కంపెనీకే ఉంటుంది. లీజు వాయిదాతో పాటు ఇంధనం, బీమా, రిజిస్ట్రేషను, మరమ్మత్తులు, టైర్ల ఖర్చులను కూడా అంచనా వేసి, ఒకే మొత్తంగా జీతం నుండి తీసుకోవడం పరిపాటి. చాలా సంస్థలు ఈ లెక్కల నిర్వహణను ప్రత్యేక కంపెనీలకు అప్పగిస్తాయి. ఆ కంపెనీలు ఇందుకు రుసుము వసూలు చేస్తాయి.

లీజు చివర చెల్లించవలసిన సొమ్మును మిగులు విలువ అంటారు. కాలం తీరేసరికి కారు వెల దాదాపు పూర్తిగా తీరిపోయేలా వాయిదాలు వేస్తే, అది లీజు ముసుగులో జరిగిన అమ్మకం అవుతుంది. అందుచేత ఆస్ట్రేలియా పన్నుల కార్యాలయం కనీస మిగులు విలువలను నిర్దేశించింది. కారు వెలలో వీటి శాతం ఈ విధంగా ఉన్నది:

1 సంవత్సరం - 65.63 శాతం
2 సంవత్సరాలు - 56.25 శాతం
3 సంవత్సరాలు - 46.88 శాతం
4 సంవత్సరాలు - 37.50 శాతం
5 సంవత్సరాలు - 28.13 శాతం

లీజు ముగిసినపుడు ఉద్యోగి ఈ సొమ్ము చెల్లించి కారును సొంతం చేసుకోవచ్చు, లీజును పొడిగించుకోవచ్చు, లేదా కారును అమ్మి బాకీ తీర్చవచ్చు. అమ్మకపు ధర మిగులు విలువ కంటే తక్కువైతే ఆ నష్టాన్ని ఉద్యోగే భరించవలసి ఉంటుంది.

పన్ను విధానం

ఉద్యోగికి జీతం కాక ఇచ్చే సౌకర్యాలపై ఆస్ట్రేలియాలో యాజమాన్యం ఫ్రింజ్ బెనిఫిట్స్ టాక్స్ చెల్లించాలి. 1986లో చేసిన చట్టం ద్వారా ఇది అమలులోకి వచ్చినది. దీని రేటు 47 శాతం. (భారతదేశంలో కూడా ఇదే పేరుతో ఒక పన్నును 2005లో ప్రవేశపెట్టి 2009లో రద్దు చేశారు.)

కారు సౌకర్యం విలువను లెక్కించడానికి ఉన్న రెండు పద్ధతులలో ఒకటి చట్టబద్ధ సూత్రం. దీని ప్రకారం కారు వెలలో 20 శాతాన్ని ఏడాది సౌకర్యపు విలువగా తీసుకుంటారు. రెండవ పద్ధతిలో ప్రయాణాల చిట్టా ఆధారంగా, ఉద్యోగపు పనికి వాడినంత మేరకు విలువ తగ్గించబడుతుంది. సౌకర్యపు విలువకు సమానమైన సొమ్మును పన్ను పోగా మిగిలిన జీతం నుండి ఉద్యోగి చెల్లిస్తే, యాజమాన్యం పన్ను కట్టవలసిన అవసరం ఉండదు.

ఒక ఉదాహరణ: కారు వెల 40,000 ఆస్ట్రేలియా డాలర్లు, ఏడాదికి లీజు మరియు నడుపు ఖర్చులు కలిపి 15,000 డాలర్లు అనుకొందాం. చట్టబద్ధ సూత్రం ప్రకారం సౌకర్యపు విలువ 8,000 డాలర్లు. ఈ 8,000 పన్ను పోయిన జీతం నుండి, మిగిలిన 7,000 పన్నుకు ముందు జీతం నుండి పోతాయి. ఆ ఉద్యోగి ఆదాయంపై పన్ను, మెడికేర్ లెవీ కలిపి 32 శాతం అయితే ఆదా అయ్యేది 7,000లో 32 శాతం, అనగా 2,240 డాలర్లు. జి.ఎస్.టి. ప్రభావాన్ని ఈ లెక్కలో కలపలేదు. 5 సంవత్సరాల చివర కనీసం 11,252 డాలర్ల మిగులు విలువ కూడా ఉంటుంది.

చరిత్ర

2011కు ముందు చట్టబద్ధ సూత్రంలోని శాతం కారు తిరిగిన దూరాన్ని బట్టి మారేది. ఏడాదికి 15,000 కిలోమీటర్ల లోపు తిరిగితే 26 శాతం, 40,000 కిలోమీటర్లు దాటితే 7 శాతం. ఎక్కువ తిరిగిన వారికి పన్ను తగ్గడం వలన అనవసర ప్రయాణాలను ప్రోత్సహిస్తున్నదని ఈ పద్ధతి విమర్శలకు గురైనది. 2011 మే 10 తరువాతి ఒప్పందాలకు 20 శాతం ఒకే రేటును దశలవారీగా ప్రవేశపెట్టారు.

2013 జూలైలో కెవిన్ రడ్ ప్రభుత్వం చట్టబద్ధ సూత్రాన్నే తొలగించనున్నట్లు ప్రకటించింది. ఈ వ్యాపారంలో పెద్దదైన మెక్‌మిలన్ షేక్స్‌పియర్ కంపెనీ షేరు ధర సగానికి పైగా పడిపోయినది. అదే ఏడాది సెప్టెంబరు ఎన్నికలలో ప్రభుత్వం మారడంతో ఆ ప్రతిపాదన విరమించబడినది. ఈ లీజుల వ్యాపారం పన్ను నిబంధనపై ఎంతగా ఆధారపడి ఉన్నదో ఈ సంఘటన తెలుపుతుంది.

2022లో చేసిన చట్టం ద్వారా విద్యుత్ కార్లకు ఆ ఏడాది జూలై 1 నుండి ఫ్రింజ్ బెనిఫిట్స్ టాక్స్ మినహాయింపు ఇచ్చారు. విలాస కార్ల పన్ను పరిధిలోకి వచ్చే కార్లకు ఇది వర్తించదు. 2022-23లో ఆ పరిమితి 84,916 డాలర్లు. మినహాయింపు పొందిన కారు విషయంలో ఖర్చంతా పన్నుకు ముందు జీతం నుండే చెల్లించవచ్చు. పై ఉదాహరణలోని 15,000 డాలర్లపై అప్పుడు ఆదా 4,800 డాలర్లు అవుతుంది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కార్లకు, అంతకు ముందే కుదిరిన ఒప్పందాలు మినహా, ఈ సౌకర్యం 2025 ఏప్రిల్ 1తో ముగిసినది. మూడేళ్ళ తరువాత ఈ మినహాయింపును సమీక్షించాలని చట్టంలోనే ఉన్నది.

ఉద్యోగిపై పడే భారం

ఉద్యోగి రాజీనామా చేసినా, తొలగించబడినా నోవేషన్ పత్రం రద్దై, లీజు బాధ్యత తిరిగి ఉద్యోగికి చేరుతుంది. కొత్త యాజమాన్యం అంగీకరిస్తే లీజును దానికి మార్చుకోవచ్చు. లేనిచో వాయిదాలను సొంతంగా, పన్ను రాయితీ లేకుండా చెల్లించాలి. లీజును మధ్యలో ముగించదలిస్తే మిగిలిన వాయిదాలు, మిగులు విలువ లెక్కగట్టి ఫైనాన్సు కంపెనీ అడిగిన సొమ్ము కట్టాలి. ఆదాయం ఆగిపోయిన సమయంలోనే ఈ భారం మీద పడడం ఈ పద్ధతిలోని ప్రధాన ప్రమాదం.

పన్ను మినహాయింపు ఉన్న విద్యుత్ కారు సౌకర్యం విలువ కూడా ఉద్యోగి వార్షిక ఆదాయ పత్రంలో చూపబడుతుంది. దానిపై ఆదాయపు పన్ను పడదు గాని, ప్రభుత్వ విద్యా రుణాల తిరిగి చెల్లింపు, కుటుంబ సహాయ భత్యాలు, పిల్లల పోషణ సొమ్ము వంటివి లెక్కించేటప్పుడు దానిని ఆదాయంలో కలుపుతారు. పై ఉదాహరణలోని 8,000 డాలర్లను 1.8868తో హెచ్చించి, సుమారు 15,094 డాలర్లుగా చూపుతారు. కొన్ని సంస్థలు పదవీ విరమణ నిధికి తమ వాటాను తగ్గిన జీతంపైనే లెక్కిస్తాయి.

వాయిదాను "పక్షానికి ఇంత" అని ఒకే అంకెగా చెప్పడం వలన అందులో కారు ధర, వడ్డీ, బీమా, నిర్వహణ రుసుము ఎంతెంతో తెలియకపోవచ్చు. వడ్డీ, రుసుములు ఎక్కువైతే పన్నులో కలిగిన ఆదా వాటికే సరిపోతుంది. అందువలన బ్యాంకు రుణంతో పోల్చేటప్పుడు మిగులు విలువతో సహా లీజు కాలమంతటికీ అయ్యే మొత్తం ఖర్చును లెక్కలోకి తీసుకోవాలి.

ఇతర దేశాలలో

బ్రిటన్‌లో ఇటువంటి పథకాన్ని శాలరీ శాక్రిఫైస్ అంటారు. అక్కడ లీజు సాధారణంగా యాజమాన్యం పేరుననే ఉంటుంది. కారు సౌకర్యంపై పన్నును ఉద్యోగి చెల్లిస్తాడు. విద్యుత్ కార్లకు పన్ను లెక్కించే శాతం 2020-21లో సున్న కాగా, 2025-26 నాటికి 3 శాతానికి పెరిగినది.

భారతదేశంలో కూడా అనేక ప్రైవేటు కంపెనీలు ఉద్యోగులకు కార్లను లీజుపై సమకూరుస్తాయి. ఇక్కడ నోవేషన్ ఉండదు. కంపెనీయే లీజుదారు. అయినను ఉద్యోగం మానేసేటప్పుడు కారును కొనడమో, కొత్త కంపెనీకి మార్చడమో, రుసుము కట్టి వాపసు ఇవ్వడమో చేయాలని ఒప్పందాలలో ఉండడం సాధారణం. అందుచేత ఇక్కడ కూడా నష్టభయం చాలావరకు ఉద్యోగిదే.