సాలువా పక్కన ఢిల్లీ

ఖరగ్‌పూర్ పొలిమేరలోని సాలువాలో రెండు ప్రభుత్వాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకవైపు పశ్చిమ బెంగాల్ సాయుధ పోలీసు దళమైన ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ ప్రధాన స్థావరం, మరోవైపు భారత వైమానిక దళం. మొదటివాళ్లకు జీతం కలకత్తా ఇస్తుంది, రెండోవాళ్లకు ఢిల్లీ ఇస్తుంది. ఆ పోలీసు దళం 1947లో దేశంతోపాటే చీలిపోయింది. ఢాకా వైపు మిగిలిన భాగం ఈస్ట్ పాకిస్తాన్ రైఫిల్స్ అయింది, ఇటు వచ్చిన గూర్ఖా సిపాయిలు సాలువాలో స్థిరపడ్డారు. కాస్త దూరంలోనే రైల్వే పట్నం, అందులో తరతరాలుగా పాతుకుపోయిన తెలుగువాళ్లు. కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశానికి కేంద్రం ఎంత బలంగా ఉండాలన్న ప్రశ్నకు జవాబును మనం రాజ్యాంగ పరిషత్తు చర్చల్లోనే వెతుకుతాం. ఖరగ్‌పూర్ కేసి చూస్తే ఇంకో జవాబు తోస్తుంది. కేంద్రం నెలనెలా జీతమిచ్చి పని చేయించిన చోట నిలదొక్కుకుంది. ఉత్తర్వులతోనే సరిపెట్టుకున్న చోట తడబడింది.

బలహీనమైన కేంద్రం మనకు ఊహ కాదు, దాదాపు వచ్చేసింది. 1946 మే 16న కేబినెట్ మిషన్ ప్రకటించిన పథకం కేంద్రానికి విదేశీ వ్యవహారాలు, రక్షణ, రవాణా సంబంధాలు, వాటి ఖర్చుకు కావలసిన డబ్బు రాబట్టే అధికారం మాత్రమే ఉంచింది. మిగతాదంతా రాష్ట్రాలకు, రాష్ట్రాల కూటములకు. బెంగాల్, అస్సాం ఒక కూటమి. మద్రాసు, ఒరిస్సా మరికొన్ని రాష్ట్రాలతో కలిసి వేరే కూటమి. దాన్ని పటం మీద పెట్టి చూడండి. హౌరా నుంచి వాల్తేరు వెళ్లే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే లైనులో ఖరగ్‌పూర్ ఒక కూటమిలో పడుతుంది, డెబ్భై కిలోమీటర్లు దాటకుండానే వచ్చే జలేశ్వర్ ఇంకో కూటమిలో పడుతుంది. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చేరిన ఫిట్టరుకు సొంత ఊరొక కూటమి, కూడు పెట్టే ఊరొక కూటమి. పైగా పదేళ్లకోసారి ఏ రాష్ట్రమైనా ఈ ఏర్పాటును తిరగదోడమని అడగవచ్చు. అలాంటి యూనియన్‌ను నమ్మి ఇరవై ఏళ్ల పని ఎవరు మొదలుపెడతారు? దేశ విభజన ఖాయమయ్యాక, 1947 జులైలో, నెహ్రూ అధ్యక్షతన ఉన్న యూనియన్ అధికారాల సంఘం బలహీన కేంద్రం దేశానికి చేటని తేల్చి ఆ దారి మూసేసింది.

ఆ దారిన వెళ్లిన దేశం ఒకటుంది. స్వతంత్రం ప్రకటించుకున్న అమెరికాలో 1781 నుంచి 1789 దాకా కాంగ్రెసుకు పన్ను వేసే హక్కు లేదు, రాష్ట్రాలను డబ్బు అడగడమే దాని పని. 1783లో జీతాలు అందని సిపాయిలు ఫిలడెల్ఫియాలో తిరగబడితే కాంగ్రెసు ఊరు విడిచి ప్రిన్స్‌టన్‌కు తరలిపోయింది. మనకు మరీ దగ్గరి ఉదాహరణ హైదరాబాదు సంస్థానం. సొంత రైల్వే, హాలీ సిక్కా అనే సొంత నాణెం, సరిహద్దులో సుంకం వసూలు చేసే కరోడ్‌గిరీ. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దారు, అంటే బ్రిటిష్ ఇండియా, రూపాయలు చేతికొచ్చేవి. 1947 నవంబరు నాటి యథాతథ ఒప్పందంతో ఢిల్లీ దాన్ని నెట్టుకురావాలని చూసింది. ఏడాది తిరక్కముందే, 1948 సెప్టెంబరులో, సైన్యాన్ని పంపాల్సి వచ్చింది. కాగితం మీది సంబంధం ఎంత పలచనిదో తెలంగాణ పల్లెలకు చెప్పక్కర్లేదు, ఆ నెలల భారమంతా వాళ్లే మోశారు.

రైల్వే సంగతి వేరు. బెంగాల్ నాగ్‌పూర్ కంపెనీని 1944లోనే ప్రభుత్వం తీసుకుంది కాబట్టి 1947 ఆగస్టు 15న ఖరగ్‌పూర్‌లో యజమాని కొత్తగా పుట్టుకు రానక్కర్లేకపోయింది. విభజనతో అస్సాంకు రైలు దారి తెగిపోతే 1948 జనవరిలో పని మొదలెట్టి, నదులూ అడవులూ దాటించి, 1950 జనవరి 26 నాటికి కొత్త లైను మీద ప్రయాణికుల బండి నడిపారు. ఆ లైను బిహార్, బెంగాల్, అస్సాం మూడింటినీ దాటాలి. ఎవరి వాటా ఎంతని వాళ్లు తేల్చుకునేదాకా ఆగి ఉంటే అస్సాం ఎన్నేళ్లు ఒంటరిగా ఉండేదో!

ఈ కేంద్ర యంత్రాంగం బ్రిటిష్‌వాడు వదిలిన ఉక్కుచట్రమే కదా, దాన్ని మెచ్చుకోవడమేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ చట్రం కింద నలిగినవాళ్ల తరఫున 1927–28లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల సమ్మెలు నడిపినవాడు మన వరాహగిరి వెంకటగిరి. అదే గిరి రాష్ట్రపతిగా ఉండగా 1974 మేలో స్వతంత్ర భారత ప్రభుత్వం రైల్వే సమ్మెను వేలాది అరెస్టులతో అణచివేసింది. జీతమిచ్చే చేయి గొంతు కూడా పట్టుకోగలదు. అయితే ఇది బలం మితిమీరిన తప్పు, కేంద్రం లేకపోతే తీరే తప్పు కాదు. యజమాని ఒక్కడే కాబట్టి ఆ సమ్మె కూడా దేశమంతటా ఒక్కటిగా సాగగలిగింది.

ఇంతకంటే గట్టి ఆక్షేపణ పొట్టి శ్రీరాములుది. 1952 డిసెంబరు 15 రాత్రి, ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం 58 రోజుల నిరాహార దీక్ష తర్వాత, ఆయన మరణించారు. ఆంధ్ర జిల్లాల్లో జనం రైళ్లను ఆపేశారు, పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు, నాలుగు రోజులకే నెహ్రూ ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రకటించారు. అంత బలమైన కేంద్రమూ భాష దగ్గర నిలవలేకపోయింది. ఒప్పుకోవలసిందే. కానీ 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆ రాష్ట్రం ఖరగ్‌పూర్ తెలుగువాడికి ఏం చేసింది? 1956 పునర్వ్యవస్థీకరణ గీతలు గీసినప్పుడు అతను గీత అవతలే ఉండిపోయాడు. అతని బతుకుదెరువు కేంద్రం చేతిలో, బడి, మున్సిపాలిటీ, పోలీసు ఠాణా బెంగాల్ చేతిలో, భాష మాత్రం ఇద్దరిలో ఎవరి బాధ్యతా కాని చోట. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వీలు కల్పించాలన్న 350ఎ అధికరణం ఆ ఏడాదే రాజ్యాంగంలో చేరింది. అందులో ప్రయత్నించమన్న మాట ఉంది, ఖర్చు ఎవరిదన్న మాట లేదు. అధికారం రాసిచ్చి డబ్బు రాసివ్వకపోవడం బలహీన కేంద్రాల పాత జబ్బు. బలమైన కేంద్రమూ తనకు పట్టని విషయాల్లో అదే జబ్బు పడుతుంది. చివరికి పశ్చిమ బెంగాల్‌లో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది ఢిల్లీ కాదు, అమరావతీ కాదు. 2020 డిసెంబరులో సాలువా రైఫిల్స్‌కు జీతమిచ్చే ఆ కలకత్తా ప్రభుత్వమే, ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు ఏళ్ల తరబడి అడగగా అడగగా నిర్ణయించింది.