వైద్య కోడింగ్‌లో కృత్రిమ మేధ
రోగి రికార్డులోని రోగ నిర్ధారణలకు, చికిత్సలకు సాఫ్ట్‌వేర్ ప్రామాణిక కోడ్‌లను సూచించగా, శిక్షణ పొందిన కోడర్ వాటిని సరిచూసి ఖరారు చేసే విధానాన్ని కృత్రిమ మేధ సహాయక వైద్య కోడింగ్ అంటారు. హైదరాబాద్‌లో వైద్య కోడర్ల వృత్తి ప్రధానంగా అమెరికా బీమా క్లెయిముల మీద నడుస్తోంది. 2015 అక్టోబరు 1న వ్యాధుల వర్గీకరణలో అమెరికా ఐసీడీ-9 నుంచి ఐసీడీ-10కు మారడంతో రోగ నిర్ధారణ కోడ్‌లు సుమారు 14 వేల నుంచి దాదాపు 70 వేలకు పెరిగాయి. హైదరాబాద్‌ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ సంస్థల్లో ఫార్మసీ, నర్సింగ్, లైఫ్ సైన్సెస్ పట్టభద్రులు ఈ కోడ్‌లు నేర్చుకుని, 1988లో ఏర్పడిన కోడర్ల సంఘం ఏఏపీసీ నిర్వహించే సీపీసీ ధ్రువీకరణ పరీక్ష రాస్తారు.

సాఫ్ట్‌వేర్ డాక్టరు నోట్సు చదివి, ఆధారమైన వాక్యంతో సహా కోడ్ చూపుతుంది. టైప్ 2 మధుమేహానికి ఈ11.9 కోడ్ సూచించినా, దానివల్ల దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి వచ్చినట్లు నోట్సులో ఉంటే ఈ11.22, దానితోపాటు వ్యాధి దశను తెలిపే ఎన్18 కోడ్ ఇవ్వాలి. అసలు చిక్కు అనుమాన పదాల దగ్గర వస్తుంది. ‘న్యుమోనియా కావచ్చు’ అని రాసి ఉంటే అవుట్‌పేషెంట్ రికార్డులో దాన్ని కోడ్ చేయరాదు, లక్షణాలనే కోడ్ చేయాలి. ఇన్‌పేషెంట్ డిశ్చార్జి సమయంలో అదే మాట ఉంటే నిర్ధారణ అయినట్లే కోడ్ చేస్తారు. అందుకే కోడర్ పరిశీలన అనివార్యం. అమెరికా రోగుల వివరాల గోప్యతకు 1996 నాటి హిపా చట్టం వర్తిస్తుంది. ఇక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రభుత్వ వైద్య పథకం క్లెయిములకు విడిగా ప్యాకేజీ కోడ్‌లు ఉన్నాయి.