ద్విచక్ర వాహనదారుల రిఫ్లెక్టివ్ దుస్తులు

ద్విచక్ర వాహనదారుల రిఫ్లెక్టివ్ దుస్తులు అనగా మోటారు సైకిలు, స్కూటరు, మోపెడ్ నడిపేవారు ఇతర వాహనాల చోదకులకు దూరం నుండే కనిపించడానికి ధరించే జాకెట్లు, చేతులు లేని కోట్లు, పట్టీలు. ట్రాఫిక్ పోలీసులు, రహదారి పనివారు ధరించే పసుపు లేదా నారింజ రంగు కోట్లు ఈ కోవకు చెందినవే. వాడుకలో వీటిని "రేడియం జాకెట్లు" అంటారు. పూర్వం చీకటిలో మెరిసే గడియారపు ముళ్ళకు రేడియం కలిపిన రంగు పూసేవారు. నేటి జాకెట్లలో గానీ, బండ్లకు అంటించే "రేడియం స్టిక్కర్ల"లో గానీ రేడియం ఉండదు.

భారతదేశంలో ఇటువంటి దుస్తులు ధరించడం ద్విచక్ర వాహనదారులకు చట్టరీత్యా తప్పనిసరి కాదు. తప్పనిసరి చేయాలా, స్వచ్ఛందంగా వదిలివేయాలా అన్న విషయమై పలు దేశాలలో చర్చ జరిగినది. శ్రీ సత్యసాయి జిల్లాలోని కనగానపల్లి మండలం వంటి ప్రాంతాలలో, పల్లె దారులు జాతీయ రహదారిని కలిసే చోట్ల, ఈ ప్రశ్నకు ప్రత్యేక ప్రాముఖ్యత ఉన్నది.

కనగానపల్లి ప్రాంతపు రహదారులు

కనగానపల్లి మండలం ధర్మవరం రెవెన్యూ డివిజనులో ఉన్నది. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడకముందు ఇది అనంతపురం జిల్లాలో భాగంగా ఉండేది. శ్రీనగర్ నుండి కన్యాకుమారి వరకు పోయే 44వ జాతీయ రహదారి ఈ ప్రాంతం మీదుగా హైదరాబాదు, బెంగుళూరు నగరాలను కలుపుతున్నది. 2010లో సంఖ్యలు మార్చక పూర్వం ఇది 7వ జాతీయ రహదారి. దక్షిణంగా చెన్నేకొత్తపల్లి, పెనుకొండ ఈ దారిలోనే వస్తాయి.

ఈ రహదారిపై లారీలు, ప్రైవేటు బస్సులు, కార్లు రాత్రింబగళ్ళు వేగంగా వెళుతుంటాయి. అదే దారిని వేరుశనగ పొలాల నుండి ఇళ్ళకు చేరే రైతులు, పట్టుచీరల మగ్గాలకు పేరుగాంచిన ధర్మవరం వెళ్ళివచ్చే నేతపనివారు, హిందూపురం, పెనుకొండ ప్రాంతాల పరిశ్రమలలో షిఫ్టు పనులు చేసేవారు కూడా వాడుకుంటారు. పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం 2019లో ప్రారంభమైనది. షిఫ్టులో పనిచేసేవారికి తెల్లవారుజామున, రాత్రివేళ ప్రయాణం తప్పదు. ఊరి దారి నుండి ఒక మోటారు సైకిలు రహదారి మీదికి వచ్చినపుడు, దానిని లారీ చోదకుడు ఎంత దూరం నుండి గుర్తించగలడన్న దానిపై ప్రాణం ఆధారపడి ఉంటుంది.

పనిచేసే విధానం

ఈ దుస్తులలో రెండు వేర్వేరు పదార్థాలు ఉంటాయి. వీటి తేడా తెలియక కొన్నవారికి ఆశించిన రక్షణ లభించదు.

మొదటిది ఫ్లోరోసెంటు రంగు గల బట్ట. ఇది కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను గ్రహించి కనిపించే కాంతిగా మార్చి వెలువరిస్తుంది. అందువలన పగటిపూట, ముఖ్యంగా మబ్బు పట్టినపుడు, సూర్యోదయ సూర్యాస్తమయ వేళల్లో మామూలు రంగుల కన్నా ప్రకాశవంతంగా కనిపిస్తుంది. రాత్రివేళ వీధి దీపాలు, వాహన దీపాల కాంతిలో అతినీలలోహిత కిరణాలు చాలా తక్కువ కనుక ఈ గుణం దాదాపు ఉండదు.

రెండవది రిఫ్లెక్టివ్ పట్టీ. దీనిలో అతి చిన్న గాజు పూసలు లేదా పట్టకాలు ఉంటాయి. ఇవి తమపై పడిన కాంతిని వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతాయి. కాబట్టి లారీ దీపాల వెలుతురు తిరిగి ఆ లారీ చోదకుని కళ్ళకే చేరుతుంది. కాంతి పడనిచోట ఈ పట్టీ పనిచేయదు. పక్క దారి నుండి వచ్చే బండిపై ఎదుటి వాహనపు దీపాలు పడేసరికి ఆలస్యం కావచ్చు. దుమ్ము, గ్రీజు పట్టినా, పలుమార్లు ఉతికినా పట్టీ మెరుపు తగ్గుతుంది.

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే వాహనం ఒక సెకనుకు సుమారు 22 మీటర్లు పోతుంది. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు మీద కాలు వేయడానికి రెండు సెకన్లు పడితే, బ్రేకు పనిచేయక ముందే సుమారు 44 మీటర్లు గడిచిపోతాయి. డిమ్ లైటులో ముదురు రంగు దుస్తులు వేసుకున్న మనిషి కొన్ని పదుల మీటర్ల దగ్గరకు వచ్చేవరకు కనిపించడు. శుభ్రమైన రిఫ్లెక్టివ్ పట్టీ వంద మీటర్లకు పైగా దూరం నుండే మెరుస్తుంది.

పరిశోధనలు

అమెరికాలో హ్యారీ హర్ట్ నాయకత్వాన వెలువడిన 1981 నాటి నివేదిక, మోటారు సైకిలు ఇతర వాహనాన్ని ఢీకొన్న ప్రమాదాలలో సుమారు మూడింట రెండు వంతులలో రెండవ వాహన చోదకుడే దారి ఇవ్వలేదని తేల్చినది. మోటారు సైకిలును సకాలంలో గుర్తించకపోవడం దీనికి ప్రధాన కారణంగా పేర్కొన్నది.

న్యూజీలాండ్‌లోని ఆక్లండ్ ప్రాంతంలో జరిపి, 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఫ్లోరోసెంటు లేదా రిఫ్లెక్టివ్ దుస్తులు ధరించినవారికి గాయపడే ప్రమాదం 37 శాతం తక్కువ. నల్ల హెల్మెట్ కన్నా తెల్ల హెల్మెట్ ధరించినవారికి 24 శాతం, పగలు హెడ్‌లైటు వేసుకున్నవారికి 27 శాతం తక్కువ. అయితే ఇది గాయపడినవారిని ఇతరులతో పోల్చి చూసిన అధ్యయనం. ఇటువంటి దుస్తులు ధరించేవారు స్వతహాగా జాగ్రత్తపరులు కావచ్చునన్న సందేహం ఇటువంటి పద్ధతిలో పూర్తిగా తొలగదు.

ఆ సందేహానికి తావు లేకుండా డెన్మార్క్‌లో 6,793 మంది సైకిలు తొక్కేవారిని చీటీల పద్ధతిలో రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి పసుపు జాకెట్లు ఇచ్చారు. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం జాకెట్లు ధరించిన వర్గంలో ఇతరులతో ఢీకొని గాయపడిన సంఘటనలు 47 శాతం తక్కువ. ఫలితాలను సరిదిద్ది లెక్కించినపుడు ఇది 38 శాతం. ఇది సైకిళ్ళకు సంబంధించినది కనుక మోటారు సైకిళ్ళకు యథాతథంగా వర్తించదు.

పరిసరాలను బట్టి కూడా ఫలితం మారుతుంది. 2012లో ఇజ్రాయెల్ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో నగర వీధులలో తెల్లని, రిఫ్లెక్టివ్ దుస్తులు తేలికగా కంటబడగా, వెనుక ఆకాశం మాత్రమే కనిపించే బయటి దారులలో నల్లని దుస్తులే స్పష్టంగా కనిపించాయి. పగటివేళ రంగు కన్నా వెనుక దృశ్యంతో భేదం ముఖ్యమని దీనివలన తెలుస్తున్నది.

చట్టపరమైన స్థితి

మోటారు వాహనాల చట్టం, 1988లోని 129వ సెక్షను హెల్మెట్‌ను తప్పనిసరి చేసినది. రిఫ్లెక్టివ్ దుస్తుల ప్రస్తావన అందులో లేదు. కేంద్ర ప్రభుత్వం దుస్తులకు బదులు వాహనం మీద దృష్టి పెట్టినది. 2017 ఏప్రిల్ 1 నుండి తయారయ్యే ద్విచక్ర వాహనాలకు, ఇంజను నడిచినంతసేపు హెడ్‌లైటు దానంతటదే వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయినది.

కొలంబియాలో 2002 నాటి చట్టం సాయంత్రం 6 నుండి ఉదయం 6 వరకు మోటారు సైకిలు నడిపేవారికి రిఫ్లెక్టివ్ కోటును నిర్బంధం చేసినది. ఫ్రాన్స్‌లో 2016 జనవరి 1 నుండి కోటును వెంట ఉంచుకుని, బండి ఆగిపోయి రోడ్డుపై నిలవవలసి వచ్చినపుడు ధరించాలి. ఐర్లాండ్‌లో వచ్చిన నిర్బంధ ప్రతిపాదన మోటారు సైకిలు సంఘాల వ్యతిరేకత తరువాత అమలులోకి రాలేదు.

వాదనలు

నిర్బంధాన్ని సమర్థించేవారు కోటు ధర తక్కువని, మామూలు చొక్కా పైనే వేసుకోవచ్చని అంటారు. హెల్మెట్ దెబ్బ తగిలిన తరువాత తలను కాపాడుతుందని, ఇది దెబ్బ తగలకుండానే తప్పిస్తుందని వారి వాదన.

వ్యతిరేకించేవారు కింది అంశాలను చూపుతారు.

* చూడవలసిన బాధ్యత పెద్ద వాహన చోదకునిది. కోటు వేసుకోలేదన్న నెపంతో తప్పును బాధితునిపై నెట్టి, నష్టపరిహారం తగ్గించే అవకాశం ఉన్నది.
* వేసవిలో 40 డిగ్రీలు దాటే రాయలసీమ ఎండలో మందపాటి జాకెట్టు భరించడం కష్టం.
* హెల్మెట్ నిబంధనే పూర్తిగా అమలు కానపుడు మరొక నిబంధన జరిమానాలకే పరిమితమవుతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించిన 1,68,491 మందిలో 74,897 మంది ద్విచక్ర వాహనాలపై ఉన్నవారు. హెల్మెట్ లేకుండా మరణించినవారు 50,029 మంది.

గ్రామీణ రహదారులపై అన్వయం

పై అంశాలను బట్టి పగలు, రాత్రి అవసరాలు వేరని తెలుస్తున్నది. పగలు హెడ్‌లైటు, లేతరంగు హెల్మెట్ కొంత మేలు చేస్తాయి. కనగానపల్లి వంటి చోట్ల వీధి దీపాలు లేని దారిలో, వెనుక నుండి వచ్చే వాహనానికి ముందరి హెడ్‌లైటు కనిపించదు. అక్కడ పనిచేసే వెనుక దీపం, ఎర్రని రిఫ్లెక్టరు, వీపున మెరిసే పట్టీ అక్కరకు వస్తాయి. వెనుక ఒకరు కూర్చుంటే నడిపేవారి వీపు మరుగున పడుతుంది. కనుక కోటు వెనుక కూర్చున్నవారికి ఉండటం అవసరం. గడ్డి మోపులు, పాల క్యాన్లు వెనుక దీపాన్ని కప్పివేసినపుడు బరువు మీదనే పట్టీ కట్టుకోవచ్చు. ఎండ భరించలేనివారికి వల బట్టతో చేసిన కోట్లు, భుజాల మీదుగా వేసుకునే పట్టీలు సరిపోతాయి.

ఎంత మెరిసే కోటు అయినా, రహదారిపై ఎదురు దిశలో నడిపే బండికి, చూడకుండా డివైడరు దాటే బండికి రక్షణ ఇవ్వలేదు. మలుపుల వద్ద దీపాలు, సర్వీసు రోడ్లు, వేగ నియంత్రణ వంటివి దుస్తులతో తీరే అవసరాలు కావు.

ఇవి కూడా చూడండి

* హెల్మెట్
* 44వ జాతీయ రహదారి
* కనగానపల్లి మండలం
* మోటారు వాహనాల చట్టం, 1988