ఆపు మీట నొక్కితే పేలింది

మన వృత్తిలో అందరికీ ఒక మొండి ధైర్యం ఉంటుంది. అర్ధరాత్రి కొత్త కోడు ఎక్కించాం, ఏదో తేడా కొట్టింది, ఏం పర్లేదు రోల్‌బ్యాక్ ఉందిగా అనుకుంటాం. ఒకసారి మా జట్టులో ఆ రోల్‌బ్యాక్ స్క్రిప్టే డేటాబేసుని తినేసింది. దాన్ని అంతకుముందు ఎవరూ నడిపి చూసిన పాపాన పోలేదు. తెల్లారాక తప్పెవరిదయ్యా అంటే, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడిదని తేల్చారు. అప్పట్నుంచీ చెర్నోబిల్ గురించి ఏది కనబడినా వదలకుండా చదువుతున్నాను.

బుద్ధిలేని ఆపరేటర్లు ఏదో పిచ్చి ప్రయోగం చేస్తే రియాక్టరు పేలిందని చాన్నాళ్ళు నేనూ అనుకున్నాను. నిజానికి ఆ ప్రయోగం భద్రత కోసం పెట్టుకున్నదే. బయట్నుంచి కరెంటు పోతే డీజిల్ జనరేటర్లు అందుకోడానికి దాదాపు నిమిషం పడుతుంది. ఆలోగా, ఆగిపోతూ ఇంకా తిరుగుతున్న టర్బైను ఊపుతోనే నీళ్ళ పంపులు నడుస్తాయా అని చూడాలి. అంతే.

1986 ఏప్రిల్ 25 మధ్యాహ్నం జరగాల్సిన పని అది. కరెంటు అవసరం ఉంది ఆగండని కీవ్ గ్రిడ్ వాళ్ళన్నారు. రాత్రి 11 దాటాక గానీ వదల్లేదు. దాంతో పరీక్ష అర్ధరాత్రి ఎక్కిన షిఫ్టు నెత్తిన పడింది. రియాక్టరు మీటల ముందున్న తోప్తునోవ్‌కి పాతికేళ్ళు, ఆ కుర్చీలోకొచ్చి కొన్ని నెలలే. 700 మెగావాట్ల దగ్గర చెయ్యాల్సిన పరీక్ష పవరు పడిపోయి 200 దగ్గర చేసారు. ఆ కాస్త పవరూ నిలబెట్టడానికి కంట్రోల్ రాడ్లు దాదాపు అన్నీ పైకి లాగేసారు. పక్కనుండి నడిపిస్తున్న డిప్యూటీ చీఫ్ ఇంజనీరు ద్యాత్లోవ్ ఆపలేదు. ఇవన్నీ తప్పులే, ఏమాటకామాటే చెప్పుకోవాలి.

1:23:40కి ఏజెడ్-5 అనే ఆపు మీట నొక్కారు. రాడ్లన్నీ ఒక్కసారిగా లోపలికి దిగి రియాక్టరుని ఆర్పెయ్యాలి. రాడ్డులో న్యూట్రాన్లని మింగే బోరాన్ ఉంటుంది. దానికింద గ్రాఫైటు ముక్క వేలాడుతుంటుంది. రాడ్డు పూర్తిగా పైకి లాగినప్పుడు ఆ గ్రాఫైటు కింద ఒక మీటరు పైచిలుకు నీళ్ళు మిగుల్తాయి. నీళ్ళు కూడా కొన్ని న్యూట్రాన్లని మింగుతాయి. రాడ్డు దిగేటప్పుడు ముందు గ్రాఫైటు వచ్చి ఆ నీళ్ళని తోసేస్తుంది. అంటే రియాక్టరు అడుగున చర్య తగ్గాల్సింది పోయి పెరుగుతుంది! రాడ్డు పూర్తిగా దిగడానికి 18 సెకన్లు పట్టేది. పేలడానికి అంతసేపు పట్టలేదు.

ఈ సంగతి ఎవరికీ తెలియదా అంటే, తెలుసు. 1983లో లిథువేనియాలోని ఇగ్నాలినా కేంద్రంలో ఇదే రకం రియాక్టరు మొదలుపెడుతున్నప్పుడు బయటపడింది. మిగతా కేంద్రాలకి ఉత్తరం కూడా వెళ్ళింది. రాడ్లు మాత్రం మార్చలేదు. అలాంటి పరిస్థితి ఎప్పటికీ రాదులే అనుకున్నారు. మనం ఎన్ని బగ్గులకి "రేర్ కేస్" అని పేరుపెట్టి అటక మీద పడెయ్యలేదూ?

ఆ ఆగస్టులో వియన్నాలో సోవియట్ బృందం చెప్పిన కథలో దోషులు ఆపరేటర్లే. తోప్తునోవ్, అతని షిఫ్టు అధికారి అకీమోవ్ మే నెలలోనే చనిపోయారు, జవాబు చెప్పేవాళ్ళు లేరు. 1987లో ద్యాత్లోవ్‌కి పదేళ్ళ శిక్ష పడింది. మరోపక్క మిగిలిన రియాక్టర్లలో రాడ్ల డిజైను మారుస్తూ వచ్చారు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తన పాత నివేదికని సవరించి, డిజైను లోపాలదే పెద్ద పాత్ర అనడానికి 1992 దాకా పట్టింది.

దాచే అలవాటు కంట్రోల్ రూముతో ఆగలేదు. పక్కనే ఉన్న ప్రిప్యాత్ ఊళ్ళో 49 వేల మంది. మర్నాడు మధ్యాహ్నం బస్సులెక్కించి, మూడు రోజుల్లో వచ్చేస్తారన్నారు. 28న స్వీడన్‌లో ఫోర్స్‌మార్క్ కేంద్రం దగ్గర రేడియేషను పట్టుబడితే గానీ లోకానికి చెప్పలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది పాల సంగతి. గాలిలో కలిసిన అయోడిన్-131 గడ్డి మీద పడుతుంది, ఆవు మేస్తుంది, పాలు పిల్లల గొంతులోని థైరాయిడ్‌కి చేరతాయి. దాని అర్ధాయువు 8 రోజులే. రెండు నెలలు ఆ పాలు తాగకపోతే చాలావరకు గండం గడిచినట్టే. పోలండ్‌లో ఏప్రిల్ 29 నుంచే కోటి మందికి పైగా పిల్లలకి అయోడిన్ మందు పట్టించారు. బెలారస్, ఉక్రెయిన్ పల్లెల్లో చాలామంది పిల్లలు మాత్రం ఆ పాలే తాగారు. అప్పటికి 18 ఏళ్ళలోపు ఉన్నవాళ్ళలో 2005 నాటికి 6 వేలకి పైగా థైరాయిడ్ క్యాన్సర్లు లెక్కతేలాయి, అందులో చెప్పుకోదగ్గ భాగం ఆ పాల పుణ్యమే. వైద్యం ఉన్న జబ్బు కాబట్టి దాదాపు అందరూ బతికారు. మెడ మీద మచ్చ, రోజూ మాత్ర మిగిలాయి.

పేలినదాని పక్కనున్న మూడో యూనిట్ 2000 డిసెంబరు దాకా కరెంటు ఇస్తూనే ఉంది. శిథిలమైన నాలుగో యూనిట్ మీద 2016లో వందేళ్ళు నిలిచేలా ఉక్కు కప్పు జరిపారు. 2025 ఫిబ్రవరిలో డ్రోన్ తగిలి దానికి చిల్లు పడింది. ఆ రాత్రి పంపుల గదిలో డ్యూటీ చేసిన ఖోదెమ్‌చుక్ శవం ఎప్పటికీ దొరకలేదు. ఆ కప్పు కిందే ఉన్నాడు.